చెప్పి చేసే మాక్ డ్రిల్, చెప్పకుండా చేసే మాక్ డ్రిల్

ప్రమాదకర రసాయనాలు భారీగా వాడే ఫ్యాక్టరీలు ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్, అంటే ప్రమాదం జరిగినట్టే అనుకుని చేసే సాధన, చేయాలని 1989 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. ముందే చెప్పి చేయాలా, చెప్పకుండానా అన్నది మా సేఫ్టీ మీటింగుల్లో ఎప్పుడూ తెగని చర్చ.

ముందే చెబితే కొత్తవాళ్లకు నింపాదిగా నేర్పొచ్చు. గ్యాస్ లీకైతే గాలి ఎటు వీస్తోందో చూసుకుని దానికి అడ్డంగా ఎలా నడవాలో చూపించొచ్చు. తొక్కిసలాట భయం ఉండదు. కాకపోతే ఆ రోజు అందరూ ముందే తయారై ఉంటారు, అంబులెన్స్ గేటు దగ్గరే ఉంటుంది.

చెప్పకుండా చేస్తే అసలు సంగతి బయటపడుతుంది. ఒకసారి నైట్ షిఫ్ట్‌లో రెండు గంటలకు సైరన్ మోగించాం. అసెంబ్లీ పాయింట్ (సైరన్ మోగితే అందరూ వచ్చి చేరాల్సిన చోటు) దగ్గర లెక్కపెడితే 41 మంది తేలారు, రిజిస్టర్‌లో ఉన్నవి 38 పేర్లే. కాంట్రాక్టర్ సాయంత్రం తెచ్చిన ముగ్గురు హెల్పర్ల పేర్లు ఎవరూ రాయలేదు. నిజంగానే గ్యాస్ లీకై వాళ్లు లోపల పడిపోయి ఉంటే? వెతకాలని కూడా ఎవరికీ తట్టేది కాదు. అది తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

2020 మే 7న విశాఖ ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో స్టైరీన్ అనే విషవాయువు లీకైంది తెల్లవారుజామునే. సైరన్ ఏర్పాటు ఉన్నా మోగించలేదని రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చింది.

అందుకే నా ఓటు రెండో దానికే, అదీ రాత్రిపూట. అయితే కొత్తగా చేరినవాళ్లకు ముందు ఒకసారి చెప్పి చేయించాలి. కంట్రోల్ రూమ్‌కు, షిఫ్ట్ ఇన్‌ఛార్జికి మాత్రం ఎప్పుడైనా ముందే తెలియాలి, నడుస్తున్న రియాక్టర్‌ను (రసాయన చర్య జరిగే పెద్ద పాత్రను) వదిలేసి ఎవరూ పరుగెత్తకుండా.