ముత్యపు చిప్ప పుట్టగొడుగులకు జిబ్బరెల్లిక్, ప్లానోఫిక్స్, తవుడు: ఏది మేలు?

పత్తిలో పూత రాలకుండా కొట్టే ప్లానోఫిక్స్, ద్రాక్ష గుత్తులకు వాడే జిబ్బరెల్లిక్ ఆసిడ్... ఈ మొక్కల హార్మోన్లను పుట్టగొడుగులు పెంచే గడ్డి బ్యాగుల మీద కొడితే మొలకలు ఎక్కువ వస్తాయా? నా అభిప్రాయం ముందే చెప్తాను. షెడ్డులో గాలి సరిగా ఆడేదాకా ఈ రెండూ కొనొద్దు. చేతిలో డబ్బులుంటే తవుడుకు పెట్టండి.

జిబ్బరెల్లిక్ మీద ఆశ కలగడానికి కారణం ఉంది. అసలు అది దొరికిందే ఒక శిలీంధ్రంలో. వరినారును పాలిపోయేలా, సన్నగా పొడుగ్గా సాగేలా చేసే బకానే తెగులుకు ఆ శిలీంధ్రం వదిలే పదార్థమే కారణమని 1926లో తైవాన్‌లో పనిచేసిన జపాన్ శాస్త్రవేత్త కురొసావా చూపించాడు. అయితే అక్కడ సాగింది వరి, శిలీంధ్రం కాదు. మొక్కల్లో ఈ హార్మోన్‌ను పట్టుకునే ప్రోటీన్ లాంటిది పుట్టగొడుగుల్లో కనపడలేదు. తక్కువ మోతాదులో తెల్లబూజు (గడ్డిలో పాకే పుట్టగొడుగు దారాలు) కాస్త జోరుగా పాకిందని, మోతాదు పెంచితే వెనకబడిందని చెప్పే ప్రయోగాలు ఉన్న మాట నిజమే. కానీ బూజు జోరుగా పాకినంత మాత్రాన కోత పెరగదు.

ప్లానోఫిక్స్‌లో ఉండేది 4.5 శాతం ఎన్‌ఏఏ (నాఫ్తలీన్ ఎసిటిక్ ఆసిడ్ అనే కృత్రిమ హార్మోన్). 10 పీపీఎం (లీటరుకు 10 మిల్లీగ్రాములు) కావాలంటే లీటరు నీటికి సుమారు 0.22 మిల్లీలీటర్లు చాలు. అంత చిన్న కొలతలో చెయ్యి కాస్త జారినా మోతాదు రెట్టింపవుతుంది. నాకు అంతకంటే పెద్ద టెన్షన్ ఇంకొకటి: మొలక కనిపించిన నాలుగైదు రోజుల్లోనే కోసి కూర వండేస్తాం. మామిడి పూత మీద కొట్టిన మందుకు కాయ కోసేలోపు నెలల గడువు దొరుకుతుంది, ఇక్కడ ఆ గడువే లేదు. లేబుల్ మీద పంటల జాబితాలో పుట్టగొడుగు లేకపోతే తినే మొలకల మీద కొట్టొద్దు.

తవుడు సంగతి వేరు. వరిగడ్డిలో నత్రజని తక్కువ, ఆ లోటును తవుడు నేరుగా తీరుస్తుంది. కాకపోతే పచ్చిగా కలిపితే పంటను పాడుచేసే పచ్చబూజు పట్టుకుంటుంది, బ్యాగు లోపల వేడీ పెరుగుతుంది. గడ్డితో పాటే ఆవిరి పట్టించి, తక్కువగా మొదలుపెట్టాలి. ఎండలు ముదిరాక మానేయడమే మంచిది.

ఇక గాలి. కాడలు పొడుగ్గా సాగి, గొడుగులు చిన్నగా ఉండిపోతే చాలామంది బలం చాలలేదనుకుంటారు. చాలాసార్లు అది షెడ్డులో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోవడం వల్లే. కిటికీలు తీసి గాలి మార్చాలి, తేమ 80-90 శాతం దగ్గర నిలపాలి, కాస్త వెలుతురు పడనివ్వాలి. వీటికయ్యే ఖర్చు దాదాపు ఏమీ లేదు. మొలకలు రావాలా వద్దా అని తేల్చేవి ఎక్కువగా ఇవే. అందుకే నా లెక్కలో గాలిదే మొదటి స్థానం, తవుడుది రెండోది, హార్మోన్లు ఆ తర్వాతే.

అయినా జిబ్బరెల్లిక్ చూడాలనుకుంటే అమ్మకానికి కాకుండా పరీక్షకే కొన్ని బ్యాగులు విడిగా పెట్టండి. ఆ పొడి నీటిలో సరిగా కరగదు, ముందు కాస్త స్పిరిట్‌లో కలుపుతారు. కాబట్టి పోల్చి చూసే బ్యాగులకు ఉత్త నీళ్లు కాదు, అంతే స్పిరిట్ కలిపిన నీళ్లు కొట్టాలి. లేకపోతే తేడా వచ్చినా అది హార్మోన్ వల్లో స్పిరిట్ వల్లో తేలదు. ప్రతి బ్యాగులో ఎండుగడ్డి బరువు ముందే రాసుకుని, కిలో గడ్డికి ఎన్ని గ్రాముల పుట్టగొడుగులు వచ్చాయో మూడు కోతలదాకా తూచి చూడండి. మొదటి కోత రెండు రోజులు ముందొచ్చి, మొత్తం బరువు అంతే ఉంటే ఆ డబ్బా మళ్లీ కొనక్కర్లేదు.