నురగకు వంక లేదు, ఉప్పుతోనే పేచీ

షాపులో సీఏపీబీ అంటే చాలు, ఇచ్చేస్తారు. పూర్తి పేరు కోకామిడోప్రొపైల్ బీటైన్, బాడీవాష్‌లో నురగ కోసం కలిపే ద్రవం. కొబ్బరి నూనె నుంచి తీస్తారని ఎప్పుడో చెప్పానని మా అత్తయ్య దీన్ని "కొబ్బరి మందు" అంటుంది. నాలుగేళ్ళుగా ఇంట్లో బాడీవాష్ దీంతోనే చేస్తున్నాను. మావి బోరు నీళ్ళు. సబ్బు రుద్దితే నురగ రాకపోగా బకెట్ అంచున తెల్లటి తెట్టు కడుతుంది. షాంపూల్లో మురికి వదిలించే ఎస్‌ఎల్‌ఈఎస్ పేస్టుకు ఇది తోడైతే ఆ నీళ్ళలోనూ బుసబుసా నురగ. అక్కడ వంక పెట్టను.

నా కోపమంతా ఉప్పు మీద. చిక్కబడటానికి చివర్లో ఉప్పు వేస్తాం కదా. కిందటేడు చర్మానికి మెత్తగా ఉంటుందని 5 లీటర్లకు బీటైన్ రెట్టింపు పోశాను. ఉప్పు మాత్రం ఎప్పటి లెక్కే. సగం వేసేసరికే గరిటె నిలబడింది. అక్కడ ఆగాల్సింది. అలవాటు చొప్పున మిగతాది కూడా వేసి తిప్పాను. చూస్తుండగానే చారులా జారిపోయింది! పాడైందేమోనని ఒకటే టెన్షన్. ఇంకో రెండు చెంచాలు వేశాను, ఇంకా పలచనైంది.

తర్వాత తెలిసింది సంగతి. ఉప్పు పడగానే పేస్టు, బీటైన్ అణువుల గుంపులు పొడవాటి దారాల్లా సాగి ఒకదానికొకటి చిక్కుపడతాయి. చిక్కదనమంటే అదే. హద్దు దాటితే ఆ చిక్కు వదులైపోతుంది. బీటైన్ ఎక్కువైతే ఆ హద్దు ముందే వస్తుంది. పైగా తయారీలో పుట్టిన ఉప్పు కొంత ఆ డబ్బాలోనే ఉంటుంది. అమ్మేవాడు ఒక్క ముక్క చెప్పలేదు. చివరికి ఉప్పు లేకుండా ఇంకో 5 లీటర్లు చేసి రెండూ కలిపితే దారికొచ్చింది. ఆర్నెల్లు అదే వాడాం.

"పిల్లలకు కూడా పర్లేదు, కళ్ళు మండవు" అని అందరికీ చెప్పేదాన్ని. ఇప్పుడు కాస్త తగ్గించి చెబుతున్నాను. మా చెల్లికి కనురెప్పలు దురద పెట్టి పొట్టు లేచాయి. చర్మం మీద ఒక్కో పదార్థం అంటించి అలర్జీ చూసే ప్యాచ్ టెస్టులో దీని దగ్గరే ఎర్రబడింది. 2004లో అమెరికాలో చర్మ అలర్జీ డాక్టర్ల సంఘం దీన్నే ఆ ఏటి అలర్జీ కారకంగా ప్రకటించిందట. తయారీలో మిగిలిపోయే మలినాల మీదే ఎక్కువ అనుమానమట. చెల్లి సున్నిపిండికి మారింది. కుంకుడు రసం వద్దంది, కళ్ళలో పడితే దాని సంగతి తెలిసిందేగా.

మా ఇంట్లో మిగతా నలుగురికీ ఏమీ కాలేదు. బోరు నీళ్ళున్నంత కాలం నేను మానను. మంచినీళ్ళ కుళాయి ఉన్నవాళ్ళకు ఇంత అవస్థ అవసరమో కాదో మరి. ఉప్పు మాత్రం ఇప్పుడు నీళ్ళలో కరిగించి, చెంచా చెంచాగా పోస్తున్నాను.