మోషన్‌లో రక్తం పడితే చూపించుకోడానికి ఈ గ్యాస్ట్రో హాస్పిటల్ ఎలా ఉంది – మా అత్తయ్యగారి కొలనోస్కోపీ అయ్యాక రాస్తున్న రివ్యూ

డాక్టర్ గారికి 5 స్టార్లు, రిసెప్షన్‌కి 2, బాత్రూమ్‌లకి 3, అన్నీ కలిపి 4 ఇస్తున్నా. గుంటూరు కొత్తపేటలో డాక్టర్లకి కొదవేముంది, సందుకో బోర్డు. గ్యాస్ట్రో, అంటే కడుపు, పేగుల డాక్టర్, అనగానే మావాళ్లలో సగం మంది నాగేశ్వర్ రెడ్డి గారి పేరు చెప్పి హైదరాబాద్ తీసుకెళ్లిపొమ్మంటారు, ఆయనకి మొన్న 2025లో పద్మవిభూషణ్ కూడా వచ్చింది, కాదనను. కానీ మోషన్‌లో రక్తం పడితే ముందు చూపించుకోడానికి హైదరాబాద్ దాకా అక్కర్లేదు, సరిగ్గా అడిగి సరిగ్గా చూసే డాక్టర్ దగ్గర్లో ఉంటే చాలు. ఇక్కడ ఉన్నారు.

మా అత్తయ్యగారికి 58. బీపీ ఉంది, మోకాళ్ల నొప్పులు. రక్తం పడుతోందని మా ఆయనకి చెప్పలేదు, మామయ్యగారికి అసలే చెప్పలేదు, నాకు చెప్పారు, అది కూడా కూర తరుగుతూ నా మొహం చూడకుండా, "వేడి చేసుంటుందిలే" అని డయాగ్నోసిస్ కూడా ఆవిడే చేసేసి. అప్పటికే సబ్జా నీళ్లు, కంద పులుసు, పల్చటి మజ్జిగ అన్నీ అయిపోయాయి. పక్కింటావిడైతే బస్టాండ్ దగ్గర గోడల మీద 'మొలలకు ఒకే ఇంజక్షన్, ఆపరేషన్ లేదు' అని రాసుంటుందే, అక్కడికి వెళ్లమని ఫోన్ నంబర్ కూడా ఇచ్చింది. ఆ ఇంజక్షన్‌లో ఏముందో ఇచ్చేవాడికే తెలియాలి, నేను ఒప్పుకోలేదు.

ముందు రిసెప్షన్ సంగతి చెప్తా, ఎందుకంటే చాలామంది అక్కడే వెనక్కి తిరిగిపోతారు. హాల్ నిండా జనం, కౌంటర్‌లో అమ్మాయి "ఆంటీ ప్రాబ్లం ఏంటి" అంది, అత్తయ్యగారు వినీ వినపడకుండా ఏదో అన్నారు, ఆ అమ్మాయి మైక్ లేకుండానే హాలంతా వినపడేట్టు "మోషన్‌లో బ్లడ్డా? ఎన్ని రోజుల్నుంచి?" అని. ఆవిడ మొహం చూడాలి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి నడవబోయారు. ఏళ్ల తరబడి మొగుడికే చెప్పుకోలేని విషయం కదండీ, ఒక చీటీ మీద రాసిమ్మంటే ఏం పోతుంది. మేనేజ్‌మెంట్ వాళ్లు ఇది చదివితే దయచేసి ఈ ఒక్కటి మార్చండి, స్టార్ నేనే పెంచుతా.

లోపలికెళ్లాక మాత్రం వేరే లోకం. డాక్టర్ గారు కంప్యూటర్ వైపు తిరగకుండా కూర్చుని అడగడం మొదలెట్టారు. రంగేంటమ్మా, ఎర్రగానా, ముదురుగానా, నల్లగా తారులాగానా? మోషన్ అయ్యాక బొట్లు బొట్లుగా పడుతోందా, లేక మోషన్‌తోనే కలిసి వస్తోందా? వెళ్లేటప్పుడు నొప్పి ఉందా? ఈ మధ్య మోషన్ టైమింగ్స్ మారాయా, అయిపోయాక కూడా ఇంకా ఉన్నట్టు అనిపిస్తోందా? జాకెట్లు వదులయ్యాయా? ఈ చివరిది బరువు తగ్గారా అని అడగడమన్నమాట, భలే అడిగారు, బరువెంతో మా అత్తయ్యకి తెలీదు గానీ జాకెట్ సంగతి తెలుసు. పుట్టింట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ ఉందా, గుండెకి ఎకోస్ప్రిన్ లాంటి రక్తం పల్చబడే మందులు వాడుతున్నారా, మోకాళ్లకి మెడికల్ షాపులో ఏ బిళ్ల కొనుక్కుంటున్నారు అని కూడా. ఆ నొప్పి బిళ్లలు ఎక్కువైతే కడుపులో పుండు పడి రక్తం కారుతుందట, అది కిందికి వచ్చేసరికి నల్లగా, జిగటగా, భరించలేని వాసనతో ఉంటుందట, అది ఎర్ర రక్తం కన్నా కంగారు పడాల్సిందట. ఐరన్ టాబ్లెట్ వేసుకున్నా నల్లగానే వస్తుంది, బీట్‌రూట్ తింటే ఎర్రగా వస్తుంది, అందుకే ముందురోజు ఏం తిన్నారో కూడా అడిగారు.

అత్తయ్యగారు చెప్పిందేంటంటే ఒక్కోసారి ఎర్రగా బొట్లు, ఒక్కోసారి మోషన్‌కి చుట్టుకుని జిగురుగా. నొప్పి లేదు. డాక్టర్ గారు ఆ జిగురు దగ్గర ఆగారు.

తర్వాత చెకప్. మగ డాక్టర్ కదా అని ఆవిడ బిగుసుకుపోయారు, కానీ కర్టెన్ లాగి, నర్సమ్మని పక్కన నిలబెట్టి, నన్నూ ఉండమని, ఎడమ పక్కకి తిరిగి మోకాళ్లు పొట్ట వైపు ముడుచుకుని పడుకోమన్నారు, ఒంటి మీద దుప్పటి అలాగే ఉంది. గ్లోవ్‌కి జెల్లీ రాసి వేలితో చూశారు, తర్వాత ప్రాక్టోస్కోప్ అని చిన్న గొట్టం, మొత్తం రెండు నిమిషాలు కూడా పట్టలేదు. "మొలలు ఉన్నాయమ్మా, రెండో గ్రేడు. కానీ రక్తం వాటి నుంచే వస్తోందని నేను సంతకం పెట్టలేను" అన్నారు. నేను ఈ రివ్యూ రాస్తున్నదే ఆ మాట కోసం. మొలలు కనపడ్డాయి కాబట్టి ఆయింట్‌మెంట్, ఇసబ్గోల్ రాసి పంపేయొచ్చు, చాలాచోట్ల అదే చేస్తారు. కానీ మొలలు ఉన్నవాళ్లకి పైన పేగులో ఇంకోటి ఉండకూడదని ఏం లేదు కదా, రెండూ కలిసే ఉండొచ్చు.

బ్లడ్ టెస్ట్‌లో హిమోగ్లోబిన్ 9.1 వచ్చింది. నెలసరి ఎప్పుడో ఆగిపోయిన మనిషికి రక్తం తగ్గితే అది ఎటు పోతోందో వెతకాల్సిందే అన్నారు. వయసు, జిగురు, ఈ 9.1, మూడూ కలిపి కొలనోస్కోపీ రాశారు, అంటే కెమెరా ఉన్న సన్నటి గొట్టంతో పెద్దపేగు లోపలంతా చూసే టెస్ట్.

ఇక్కడ డబ్బు కోసం రాశారేమో అనుకునేవాళ్లకి ఒకటి చెప్పాలి. మా తమ్ముడు, వాడికి 29, అంతకుముందు ఇదే డాక్టర్ గారి దగ్గరికి వచ్చాడు. వాడికి మోషన్‌కి వెళ్తే బ్లేడుతో కోసినట్టు నొప్పి, పైన చిన్న ఎర్ర గీత. చూసి ఫిషర్ అన్నారు, అంటే చీలిక. కొలనోస్కోపీ అడిగింది మావాడే, అక్కర్లేదు పో అన్నారు. గోరువెచ్చటి నీళ్ల టబ్‌లో కూర్చోవడం, పీచు, నీళ్లు, రాసుకోడానికి ఒక క్రీము, ఫోన్ పట్టుకుని బాత్రూమ్‌లో కూర్చోకు అని నాలుగు చీవాట్లు. అంతే బిల్లు. కొన్ని వారాలైనా తగ్గకపోతే, లేదా రక్తం తీరు మారితే అప్పుడు రమ్మన్నారు, తగ్గిపోయింది.

ప్రిపరేషన్ గురించి రాయకపోతే అన్యాయం. వాళ్లిచ్చిన కాగితం మొత్తం ఇంగ్లీషే, అత్తయ్యగారు చదువుకోలేరు, ఎవరికోసం ప్రింట్ చేశారో. నర్సమ్మ మాత్రం ఓపిగ్గా చెప్పింది: ముందురోజు ఆకుకూరలు, గింజలున్న కూరలు, పండ్లు వద్దు, ఇడ్లీ, మెత్తటి పెరుగన్నం చాలు, సాయంత్రం నుంచి కొబ్బరినీళ్లు, వడకట్టిన మంచినీళ్ల లాంటివే, ఎర్ర రంగు షర్బత్‌లు అసలొద్దు, లోపల రక్తంలా కనపడతాయి. ఐరన్ టాబ్లెట్ వాడేవాళ్లు వారం ముందే ఆపాలట, రక్తం పల్చబడే మందులు మాత్రం మన ఇష్టానికి ఆపకూడదు, డాక్టర్ చెప్తేనే. తర్వాత పౌడర్ రెండు లీటర్ల నీళ్లలో కలిపి సగం రాత్రి, సగం తెల్లవారుజామున. ఉప్పగా నిమ్మకాయ వాసనతో ఉంటుంది, చల్లబెట్టి స్ట్రాతో తాగితే కాస్త దిగుతుంది. ఇక రాత్రంతా బాత్రూమే, చివరికి పల్చటి పసుపు నీళ్లు వచ్చేదాకా. ఇంట్లో వెస్టర్న్ లేకపోతే, మోకాళ్లు నొప్పులున్న వాళ్లకి, ముందే రూమ్ తీసుకోండి. ఇక్కడ రూమ్ బాత్రూమ్‌లు శుభ్రంగానే ఉన్నాయి, కానీ ఓపీ వైపుది సాయంత్రానికి అడుగుపెట్టలేం.

టెస్ట్ అరగంట. మత్తిచ్చారు, లేచి "ఇంకా మొదలెట్టలేదా" అన్నారు ఆవిడ. స్క్రీన్ మీద ఫోటో చూపించారు, పెద్దపేగు చివరి వంపులో పుట్టగొడుగులా కాడతో ఒక పాలిప్, అంటే పేగు గోడకి పెరిగిన చిన్న కండ, 12 మిల్లీమీటర్లు. అక్కడికక్కడే వైరు ఉచ్చు వేసి తీసేసి బయాప్సీకి పంపారు. రిపోర్ట్‌లో క్యాన్సర్ కాదు, అడినోమా అని వచ్చింది. అంటే ఇప్పటికి మంచిదే, వదిలేస్తే ఏళ్ల మీద కొన్ని క్యాన్సర్‌గా మారే రకం. మూడేళ్లకి మళ్లీ చూపించుకోమన్నారు, ఆవిడ పిల్లల్ని నలభై రాగానే చూపించుకోమన్నారు. డల్లాస్‌లో ఉన్న మా ఆడపడుచు, అక్కడ 2021 నుంచి ఏ బాధా లేకపోయినా 45 నుంచే ఈ చెకప్ చేయించుకోమంటున్నారని చెప్పింది. మనకి రక్తం పడ్డాక కూడా కంద పులుసే.

వచ్చేటప్పుడు డాక్టర్ గారిని నేనే అడిగా, మళ్లీ పడితే ఎప్పుడు రావాలి, ఎప్పుడు పరిగెత్తాలి అని. కొద్దిగా రెండు మూడు బొట్లు ఒకసారి పడి ఆగిపోతే కంగారొద్దు కానీ ఓపీకి వచ్చి ఒకసారి చూపించుకోవాలి, అది ఏ వయసైనా. 45 దాటినవాళ్లు, బరువు తగ్గుతున్నవాళ్లు, మోషన్ తీరు మారినవాళ్లు, ఇంట్లో పేగు క్యాన్సర్ ఉన్నవాళ్లు అసలు ఆలస్యం చేయకూడదు. రక్తం ఆగకుండా పడుతున్నా, గడ్డలు గడ్డలుగా వస్తున్నా, నల్లగా తారులా వస్తున్నా, కళ్లు తిరిగి చెమటలు పట్టినా, కడుపులో విపరీతమైన నొప్పి ఉన్నా ఓపీ టైమ్ చూడొద్దు, 108కి ఫోన్ చేసి ఎమర్జెన్సీకి వచ్చేయండి అన్నారు. రక్తం పల్చబడే మందు వాడేవాళ్లయితే ఇంకా తొందరగా.

ఖర్చు: కన్సల్టేషన్ 500, కొలనోస్కోపీ మత్తుతో కలిపి 7,000, పాలిప్ తీసినందుకు, బయాప్సీకి వేరే. పాలిప్ ఉంటే ఎక్స్‌ట్రా అవుతుందని ముందే చెప్పి సంతకం తీసుకున్నారు, అది నచ్చింది. పార్కింగ్ లేదు, కారు తెస్తే ఆ సందులో ఇరుక్కుంటారు, పైగా మత్తిచ్చాక పేషెంట్ ఆరోజు బండి నడపకూడదు, ఆటో మేలు. ఓపీ తొమ్మిదిన్నర అని బోర్డు మీద ఉంటుంది, డాక్టర్ గారు పదకొండుకి గానీ రారు. కౌంటర్‌లో ఆ అమ్మాయి అడిగితే గ్యాస్ ట్రబుల్ అని చెప్పి టోకెన్ తీసుకోండి, అసలు సంగతి లోపల చెప్పుకోవచ్చు.