నిలబడ్డ సైకిల్‌కు 83 కిలోమీటర్ల వేగం

రైల్వే గేటు పడి ఉంది. బావ చెట్టు నీడన నీళ్లు తాగుతున్నాడు. నేను ఒక కాలు నేలకు ఆనించి సీటు మీదే కూర్చున్నాను. హ్యాండిల్ మీది మీటరు మాత్రం గంటకు 83 కిలోమీటర్లు అంటోంది.

"నువ్వు ఇక్కడే ఉన్నావు గానీ నీ సైకిల్ గేటు దూకి వెళ్లిపోయినట్టుంది" అన్నాడు బావ. నవ్వలేదు. ముందు రోజు మధ్యాహ్నం నుంచి ఆయన నవ్వడం మానేశాడు. దానికీ కారణం ఈ మీటరే.

మూడు రోజుల ఎలక్ట్రిక్ సైకిల్ ప్రయాణం ఇది. దారి బాగుంది, కొండలు బాగున్నాయి, వాన పడలేదు, పంక్చర్ కాలేదు. అంతకు మించి దారి గురించి నేను చెప్పలేను. మొదటి రోజున్నర నేను చూసింది దారిని కాదు, అగ్గిపెట్టెంత డబ్బాని.

సైకిళ్లు రెండూ ఒకే షాపులో అద్దెకు తీసుకున్నాం. మోటారు వెనక చక్రం మధ్య గుండ్రటి భాగంలో, అంటే హబ్‌లో ఉంటుంది. సైకిల్‌కు ఉన్న ప్యానెల్ బ్యాటరీ నాలుగు గీతలు తప్ప ఇంకేమీ చూపించదు. వేగం, దూరం కావాలంటే వైర్‌లెస్ మీటరు విడిగా తీసుకోవాలి. మూడు రోజులకు దాని అద్దె, సైకిల్ ఒకరోజు అద్దెలో నాలుగో వంతు. తీసుకోక తప్పదు, ఎందుకంటే షాపువాళ్లు ఇచ్చిన దారి కాగితం మొత్తం దూరాల లెక్కే: "18.4 దగ్గర కల్వర్టు దాటగానే ఎడమకు" అని. ఫోన్‌లో మ్యాప్ చూసుకుందామంటే ఆ కొండల్లో నెట్‌వర్క్ ఉండదు.

మొదటి రోజు ఎక్కుడు మొదలవగానే మోటారు సాయం పెంచాను. మీటరు సున్నాకు పడిపోయింది. దిగుడులో మళ్లీ లేచింది. ఈ పడిలేచే ఆటలో 18.4 ఎప్పుడు దాటిపోయిందో తెలియలేదు. 11 కిలోమీటర్లు అదనం, ఇద్దరికీ బ్యాటరీలో ఒక్కో గీత ఖర్చు. బావ గంటసేపు మాట్లాడలేదు. సిగ్నల్ దొరికాక షాపుకు ఫోన్ చేస్తే, "మోటారు ఉన్న సైకిల్ మీద వైర్‌లెస్ మీటరు అంతేనండీ" అన్నాడు ఆ మనిషి, వాతావరణం గురించి చెబుతున్నంత తాపీగా. అంతేనని తెలిసినవాడు దానికి అద్దె ఎందుకు వసూలు చేశాడు?

ఆ రాత్రి దిగిన లాడ్జి సంగతి కూడా చెప్పాలి. గదిలో బ్యాటరీ ఛార్జింగ్ పెట్టకూడదన్నారు. నిప్పు భయం న్యాయమే, నేను వాదించలేదు. వరండాలో ప్లగ్గు చూపించారు. రాత్రి పదింటికి ఆ లైన్ ఆపేస్తారన్న మాట మాత్రం చెప్పలేదు. తెల్లారి చూస్తే నా సైకిల్ నిండింది, బావది సగమే. ఎలక్ట్రిక్ సైకిల్‌తో వెళ్లేవాళ్లు గది చూడకముందే ప్లగ్గు ఎక్కడ, కరెంటు ఎన్నింటిదాకా అని అడగండి.

రెండో రోజు మధ్యాహ్నానికి చేరిన చోటు దానికి పూర్తిగా ఎదురు. మంచం కిర్రుమంటుంది, నీళ్లు గోరువెచ్చగానే వస్తాయి. అయినా నేను మళ్లీ వెళ్తే అక్కడికే వెళ్తాను. వెనకాల షెడ్డు ఉంది, దాంట్లో బల్ల, దీపం, రెండు ప్లగ్గులు. యజమాని మేం అడక్కుండానే ఒక స్క్రూడ్రైవర్, బిగించి కట్టే నాలుగు ప్లాస్టిక్ టైలు తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

ముందు చక్రం ఎత్తి తిప్పాను. పాత రకం వైర్‌లెస్ మీటరు పని చేసే పద్ధతి చాలా సింపుల్. చువ్వకు ఒక అయస్కాంతం, చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే ఫోర్క్‌కు ఒక సెన్సార్. అయస్కాంతం ఎదురుగా వచ్చినప్పుడల్లా సెన్సార్‌లోని చిన్న స్విచ్ మూసుకుంటుంది, ఒక పల్స్, అంటే చిన్న రేడియో సిగ్నల్, గాల్లోకి పోతుంది. మీటరు ఆ పల్స్‌లను లెక్కపెట్టి చక్రం చుట్టుకొలతతో గుణిస్తుంది. పల్స్‌కు పేరూ ఊరూ ఉండదు. అలాంటి కంపనం ఏది అందినా అది చక్రమే అనుకుంటుంది. సిగ్నల్ కూడా బలహీనం, చాలావాటిలో 60, 70 సెంటీమీటర్లు దాటితే నమ్మలేం.

మీటరును హ్యాండిల్ నుంచి ఊడదీసి సెన్సార్ పక్కకు తెచ్చి చక్రం తిప్పాను. అంకె చక్కగా వచ్చింది. హ్యాండిల్ మీద పెడితే మళ్లీ తడబాటు. అంటే సెన్సార్ బతికే ఉంది, కేక దూరం చేరడం లేదు. సెన్సార్ ఫోర్క్ అడుగున ఉంది, అక్కణ్నుంచి మీటరుకు టేపు పెడితే 78 సెంటీమీటర్లు. దాన్ని పైకి జరపబోతే బావ ఆపాడు.

"అయస్కాంతం కూడా పైకి జరపాలి కదా. అక్కడ ఎక్కువ దూరం తిరుగుతుంది, స్పీడు తప్పు చూపించదూ?"

"చువ్వ మీద ఎక్కడున్నా చక్రం ఒక చుట్టుకు ఒకే పల్స్ బావా."

ఆయన ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, తనే వంగి పని మొదలుపెట్టాడు. చువ్వలు రిమ్ వైపు పోయేకొద్దీ ఫోర్క్‌కు దూరమవుతాయి, అందుకని పైకి జరిపాక సందు పెరిగిపోయింది. సెన్సార్‌ను కాస్త లోపలికి తిప్పి, అయస్కాంతానికీ దానికీ మధ్య మూడు మిల్లీమీటర్లు మిగిలేలా బిగించాడు. ఆయన సెన్సార్‌లోని సీఆర్2032 బటన్ సెల్ తీసి నాదాంట్లో వేసి చూశాం, ఇంకాస్త గట్టిపడింది. నా సెల్ నీరసపడిందన్నమాట.

మరి 83? అది తేలడానికి ఇంకో అరగంట పట్టింది. మోటారు సాయం ఆపేసి చూశాను, అంకె పోలేదు. ఫోన్ ఛార్జింగ్ పీకేశాను, 40కి దిగింది. ముందు లైటు ఆపేశాను, సున్నా! లైటు వేశాను, మళ్లీ 40. పిల్లల్లా పదిసార్లు వేసి ఆపి చూశాం. పెద్ద బ్యాటరీ వోల్టేజీని లైటుకూ ఫోన్‌కూ తగ్గించి ఇచ్చే చిన్న సర్క్యూట్లు సెకనుకు వేలసార్లు ఆన్-ఆఫ్ అవుతుంటాయి. ఆ రొద పక్కనే ఉన్న మీటరుకు పల్స్‌ల్లా వినిపిస్తుంది. షాపువాడు మీటరును లైటుకూ ఛార్జింగ్ సాకెట్‌కూ సరిగ్గా మధ్యలో, మోటారు వైర్ల కట్ట మీదే బిగించాడు. ఎక్కుడులో సున్నా పడడానికి కూడా ఆ కట్టే కారణం. మోటారు ఎక్కువ కరెంటు లాగినప్పుడు రొద పెరిగి అసలు కేక మునిగిపోతుంది. మీటరును సెన్సార్ ఉన్న వైపుకే, వైర్లకు ఒక జానెడు దూరంగా మార్చాను. లైటు వేసినా, సాయం పెంచినా అంకె కదల్లేదు.

ఉత్సాహం వచ్చిన బావ టైరు వాల్వు కిందికి తెచ్చి నేల మీద సుద్ద గీత గీసి, ఒక చుట్టు దొర్లించి ఇంకో గీత గీశాడు. 2050 మిల్లీమీటర్లు. మీటరులో ఉన్నది 2096, అంటే సన్నటి 700 సైజు టైరు లెక్క. నలభై కిలోమీటర్లకు దాదాపు 900 మీటర్లు ఎక్కువ చూపిస్తుంది. మీటరు బాగా పని చేసి ఉన్నా ఏదో ఒక మలుపు తప్పేవాళ్లమే.

మూడో రోజు పొద్దున దారిలో కొత్త సెల్ కొన్నాం. సెల్లూ, ప్లాస్టిక్ టైలు మళ్లీ కొని షెడ్డు యజమానికి పంపిందీ కలిపి ఒకరోజు అద్దెలో పదో వంతు. తర్వాతంతా హాయి, ఒక్క తమాషా తప్ప. పక్కపక్కన వెళ్తుంటే, నేను ఆగినా మీటరు 19 చూపిస్తుంది. అది బావ వేగం. ఒకే మోడల్, కోడ్ లేని సిగ్నల్, ఎవరి పల్స్ ఎవరిదో వాటికి తెలియదు. ఒకరి వెనక ఒకరం వెళ్లాం.

మీరు అద్దెకు తీసుకుంటే వైరు ఉన్న మీటరే అడగండి, పాతదని మొహం చిట్లించకండి. వైర్‌లెస్సే కావాలంటే కోడ్ ఉన్న డిజిటల్ రకం చూడండి. ఏఎన్‌టీ ప్లస్ (బ్లూటూత్ లాంటిదే ఇంకో వైర్‌లెస్ పద్ధతి), బ్లూటూత్ సెన్సార్లు 2.4 గిగాహెర్ట్జ్‌లో తమ గుర్తింపు నంబరుతో మాట్లాడతాయి కాబట్టి పక్కవాడి వేగం మీకు రాదు. అవీ లేకపోతే, షాపు గడప దాటకముందే ముందు చక్రం ఎత్తి, లైటు వేసి, ఫోన్ ఛార్జింగ్ పెట్టి, ఒక్క నిమిషం తిప్పి చూడండి.

సైకిళ్లు తిరిగి ఇచ్చేటప్పుడు ఇదంతా చెప్పాను. లైటు వేసి ఆపి చూపించాను కూడా. కౌంటర్ దగ్గరి కుర్రాడు శ్రద్ధగా విని "థాంక్యూ సార్" అన్నాడు. మేం సంచులు సర్దుకునేలోపే తర్వాతి కస్టమర్ వచ్చాడు. కుర్రాడు నా సైకిల్‌నే బయటికి తీసి, మీటరు ఊడదీసి తుడిచి, మళ్లీ లైటు పక్కన బిగించాడు. బావ నా మొహం చూసి రెండు రోజుల తర్వాత మొదటిసారి గట్టిగా నవ్వాడు.