తాతగారి తుపాకి వయసు: సీరియల్ నంబరా, ప్రూఫ్ ముద్రలా?

చెన్నైలో ఉంటున్న తెలుగువారి ఇంట తాతగారి జంటగొట్టాల తుపాకి మీద ‘పి. ఓర్ అండ్ సన్స్, మద్రాస్’ అని చెక్కి ఉంటే, అది మౌంట్ రోడ్డులో అమ్మిన దుకాణం పేరే గాని తయారీదారు పేరు కాకపోవచ్చు. సీరియల్ నంబరు సంవత్సరాన్ని కచ్చితంగా పట్టిస్తుంది, అయితే తయారీదారు చిట్టాలు మిగిలి ఉండాలి.

ప్రూఫ్ ముద్రలకు, అంటే గొట్టం పేలుడు ఒత్తిడిని తట్టుకుంటుందని పరీక్షించి కొట్టే ముద్రలకు, ఆ బెడద లేదు. లైసెన్సు వ్యవహారం చక్కబెట్టుకున్నాక, డీలరు చేత గొట్టాలు విడదీయించి అడుగున చూస్తే, ‘నైట్రో ప్రూఫ్’ (పొగరాని మందుతో పరీక్షించినది) అన్న బ్రిటిష్ ముద్ర 1896కు ముందు పడినది కాదనీ, చదరపు అంగుళానికి ఇన్ని టన్నులని పీడనం చెప్పే ముద్ర 1954 నిబంధనల నాటిదనీ తేలుతుంది. పాత గొట్టాలకు మళ్లీ పరీక్ష చేయించడమూ కద్దు కనుక, అన్నిటికంటే పాత ముద్రనే లెక్కలోకి తీసుకోవాలి. నా ఓటు ముద్రలకే.