డబ్బు కట్టి వెనక్కొస్తే మొదటి పేజీ: సినిమా టికెట్ యాప్‌తో నా అనుభవం

సినిమా వెతకడం, థియేటర్ ఎంచుకోవడం, ఆఫర్ కోడ్ కొట్టడం అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. ఒకే టికెట్ యాప్‌ని ఏళ్ల తరబడి వాడాక దాని మీద నాకు గట్టి కోపం ఒక్క విషయంలోనే మిగిలింది. సీట్లు పట్టి ఇచ్చి, డబ్బు కట్టమని యూపీఐ యాప్‌లోకి పంపుతుంది. కట్టి వెనక్కొస్తే అసలేమీ జరగనట్టు మొదటి పేజీ తెరుస్తుంది. డబ్బు చేరిందా, టికెట్ వచ్చిందా, సీట్లు ఇంకా మనవేనా అన్నదాని గురించి ఒక్క ముక్క ఉండదు. యాప్ పేరు రాయడం లేదు. ఇదే లోపం ఇంకా కొన్నిట్లో చూశాను, కారణం అన్నిచోట్లా ఒకటే. పేరు కన్నా ఆ కారణం చెబితేనే చదివేవాళ్లకి ఉపయోగం.

ముందు దీని బలం చెప్పాలి, అది సీట్ల మ్యాప్. ఎన్ని టికెట్లు కావాలో మొదటే అడుగుతుంది. నాలుగు అన్నామంటే, ఒక సీటు తాకగానే దాని పక్కనున్న మూడూ కలిపి పట్టేస్తుంది. వరసలో రెండే ఖాళీ ఉంటే ఆ రెండూ పట్టి, మిగతా రెండు ఎక్కడ కావాలో మనల్ని ఎంచుకోనిస్తుంది. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి ఇంతకంటే పనికొచ్చే ఏర్పాటు లేదు. నడవాలు ఎక్కడున్నాయో ఖాళీ వదిలి చూపిస్తుంది, తెర ఎటువైపో గీస్తుంది, వీల్‌చెయిర్ స్థలాలకి గుర్తు పెడుతుంది. పెద్ద సినిమాకి బుకింగ్స్ తెరిచిన మొదటి పావుగంటలో జనం ఎగబడినా మ్యాప్ తెరుచుకుంటుంది.

గొడవంతా మ్యాప్ దాటాకే. సీట్లు ఎంచుకుని ముందుకు వెళ్లే బటన్ నొక్కగానే యాప్ సర్వర్ థియేటర్ సర్వర్‌కి చెప్పి ఆ సీట్లకి తాళం వేయిస్తుంది. అప్పటినుంచి మిగతావాళ్లకి అవి బూడిద రంగులో, అమ్ముడైనట్టు కనిపిస్తాయి. ఈ యాప్‌లో తాళం గడువు 8 నిమిషాలు, పైన గడియారం తిరుగుతుంటుంది. ఆ గడియారం మీద నాకు అభ్యంతరం లేదు. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ సీసీపీఏ 2023 నవంబర్ 30న ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లని మాయచేసే యాప్ ఎత్తుగడలు) మార్గదర్శకాల్లో లేని తొందర పుట్టించడాన్ని తప్పుబట్టారు. ఇది ఆ బాపతు కాదు, నిజమైన గడువే. గడువు లేకపోతే కొనని మనిషి కూడా సీట్లు పట్టుకుని కూర్చుంటాడు, ఖాళీ హాలు హౌస్‌ఫుల్ అయినట్టు కనిపిస్తుంది. నా అభ్యంతరమల్లా ఆ 8 నిమిషాల్లోకి ఏమేం ఇరికించారన్నదే. పాప్‌కార్న్ పేజీ, ఆఫర్ల పేజీ, ఫోన్ నంబరూ ఈమెయిలూ సరిచూసుకోమనే పేజీ అన్నీ తాళం పడ్డాకే వస్తాయి. ఫోన్ నంబరు తాళానికి ముందే అడగొచ్చు. పాప్‌కార్న్ టికెట్ చేతికొచ్చాక అమ్మినా ఎవరికీ నష్టం లేదు.

ఇవన్నీ దాటి యూపీఐ దగ్గరికొచ్చేసరికి మూడు నాలుగు నిమిషాలే మిగులుతాయి. టికెట్ యాప్ ఆర్డర్ తయారుచేసి, ఫోన్‌లో ఉన్న యూపీఐ యాప్‌ని పిలిచి, తాను వెనక్కి వెళ్లిపోతుంది. 4 జీబీ ర్యామ్ ఫోన్‌లో, అందులోనూ వాట్సాప్, బ్రౌజర్, కెమెరా అప్పటికే తెరిచి ఉంటే, ముందున్న యూపీఐ యాప్‌కి మెమరీ చాలక ఆండ్రాయిడ్ వెనకున్న టికెట్ యాప్‌ని మూసేస్తుంది. బ్యాటరీ పొదుపు కోసం కొన్ని కంపెనీల ఫోన్లు ఈ పని ఇంకా తొందరగా చేస్తాయి. పిన్ కొట్టి, డబ్బు వెళ్లి, మనం వెనక్కొచ్చినప్పుడు చూసేది అలా మూతపడిన యాప్ మళ్లీ మొదటినుంచి తెరుచుకోవడం. ఏ షో, ఏ సీట్లు, ఏ ఆర్డర్ అన్నది దానికి గుర్తు ఉండదు. ఆండ్రాయిడ్ ఇలా చేస్తుందన్నది యాప్‌లు రాసేవాళ్లకి కొత్త సంగతి కాదు. తెలిసీ దానికి తగ్గట్టు రాయకపోవడమే లోపం.

ఆ తర్వాత జరిగేది ఇదీ. టికెట్ లేదు, ఎస్ఎంఎస్ లేదు. మళ్లీ అదే షోకి వెళ్లి చూస్తే మనం ఎంచుకున్న సీట్లు బూడిద రంగులో ఉంటాయి. ఎవరో కొనేశారనిపిస్తుంది. నిజానికి అవి మన తాళం కిందే ఉన్నాయి, మ్యాప్ మాత్రం ఆ తేడా చూపించదు. చెల్లింపు విఫలమైందనుకుని వేరే వరసలో నాలుగు సీట్లు పట్టి మళ్లీ కడతాం. ఈలోగా మొదటి చెల్లింపు చేరిందన్న సమాచారం గేట్‌వే నుంచి, అంటే యాప్ తరఫున డబ్బు తీసుకునే సంస్థ నుంచి, యాప్ సర్వర్‌కి అందుతుంది, టికెట్లు తయారవుతాయి. వెనకే రెండోవి కూడా వస్తాయి. నలుగురికి ఎనిమిది టికెట్లు. తెలంగాణలో 2021 డిసెంబర్ జీవో ప్రకారం మల్టీప్లెక్స్ మామూలు సీటు గరిష్ఠ ధర 250, దానికి 18 శాతం జీఎస్టీ కలిపితే 295. అంటే కన్వీనియెన్స్ ఫీజు లెక్కలోకి తీసుకోకుండానే 1,180 రూపాయలు అనవసరంగా పోతాయి. పెద్ద సినిమాకి విడిగా పెంపు జీవో వస్తే ఇంకా ఎక్కువ. రద్దు చేసుకునే వీలు థియేటర్ ఒప్పుకున్న చోటే ఉంటుంది. ఉన్నా ఫీజు తిరిగి రాదు. నాకు తగిలిన దెబ్బ సరిగ్గా ఇదే.

రెండో రకం దెబ్బ కూడా ఉంది. డబ్బు ఆఖరి నిమిషంలో కట్టాం, సమాచారం గేట్‌వే నుంచి 8 నిమిషాలు దాటాక వచ్చింది. అప్పటికి తాళం విడిపోయి సీట్లు వేరేవాళ్లకి వెళ్లిపోయాయి. మనకి మిగిలేది రీఫండ్ కోసం ఎదురుచూడటం. యూపీఐ నెమ్మదిగా ఉందని కస్టమర్ కేర్ చెప్పే మాట దీనికి చాలదు. 2025 జూన్ నుంచి యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ చెల్లింపు స్పందన గడువునే 30 సెకన్ల నుంచి 15 సెకన్లకి తగ్గించింది. అంత చిన్న ఆలస్యానికి కూడా చోటు లేకుండా ఆఖరి క్షణం దాకా పాప్‌కార్న్ అమ్మడం యాప్ చేసిన ఎంపిక.

డబ్బు కట్ అయి టికెట్ రానప్పుడు ఎవరిని అడగాలో తెలుసుకోవడం ముఖ్యం. యూపీఐ యాప్‌లో ఆ లావాదేవీ తెరవండి. పెండింగ్ అనో, ఫెయిల్డ్ అనో ఉంటే అది బ్యాంకు వైపు పని. రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబర్ 20న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, ఖాతాలో డబ్బు కట్ అయి వ్యాపారికి నిర్ధారణ చేరకపోతే, లావాదేవీ జరిగిన రోజు కాక 5 రోజుల్లోగా దానంతటదే వెనక్కి రావాలి. అది దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం, అదీ మనం ఫిర్యాదు చేయకపోయినా ఇవ్వాలి. ఒకవేళ సక్సెస్ అని ఉంటే మాత్రం బ్యాంకు చుట్టూ తిరిగి లాభం లేదు, డబ్బు వ్యాపారి వైపు చేరిపోయింది. అప్పుడు ఆ లావాదేవీ వివరాల్లో ఉండే 12 అంకెల యూటీఆర్ నంబరు, షో సమయం, కట్టిన మొత్తం ఇచ్చి టికెట్ యాప్‌నే పట్టుకోవాలి. ఈ యాప్ చాట్‌లో రెండు సందర్భాలకీ ఒకే జవాబు వస్తుంది, కొన్ని పనిదినాలు ఆగమని. ఇంకోటి, రీఫండ్ వేరే జమగా వస్తుంది. పాత లావాదేవీ సక్సెస్ అనే కనిపిస్తూ ఉంటుంది కాబట్టి దాన్ని చూసి రాలేదనుకోకుండా ఖాతా స్టేట్‌మెంట్ చూసుకోవాలి.

దీన్ని సరిచేయడం పెద్ద పనేం కాదు, అందుకే ఇంత కోపం. యూపీఐ యాప్‌ని పిలవడానికి ముందే ఆర్డర్ నంబరు ఫోన్‌లో భద్రం చేయాలి. యాప్ మళ్లీ తెరుచుకోగానే ఆ నంబరు పట్టుకుని సర్వర్‌ని అడగాలి. ఇంకా తేలకపోతే మొదటి పేజీకి బదులు 'శనివారం సాయంత్రం షో, ఎఫ్ 7 నుంచి 10. డబ్బు చేరిందో లేదో చూస్తున్నాం, మళ్లీ కట్టకండి' అని చూపించాలి. మన తాళంలో ఉన్న సీట్లకి మ్యాప్‌లో వేరే రంగు వేయాలి. చెల్లింపు మొదలయ్యాక సర్వర్ తాళాన్ని రెండు నిమిషాలు పొడిగించాలి. మొదటిది తేలకుండా అదే షోకి రెండో ఆర్డర్ వస్తే ఆపి అడగాలి.

ఇటీవలి అప్‌డేట్‌లో పైన ఒక పసుపు పట్టీ వచ్చింది, బుకింగ్ నిర్ధారణ జరుగుతోందని చెబుతుంది. చూసి నిజంగా సంతోషించాను. అయితే యాప్ వెనక బతికి ఉన్నప్పుడే అది కనిపిస్తోంది. మూతపడి తెరుచుకున్నప్పుడు, అంటే దాని అవసరం ఉన్నప్పుడు, ఒకసారి వస్తోంది, ఒకసారి రావడం లేదు.

మ్యాప్‌ని మెచ్చుకున్నాను కానీ ఆ మెప్పు మల్టీప్లెక్సుల వరకే. సింగిల్ స్క్రీన్‌లో బాల్కనీ, ఫస్ట్ క్లాస్ రెండూ ఒకదాని కింద ఒకటి ఆనుకున్నట్టు గీస్తారు. బాల్కనీ మొదటి వరస ముందున్న పిట్టగోడ, రెయిలింగ్ అందులో కనపడవు. పొట్టివాళ్లకీ పిల్లలకీ ఆ వరసలో తెర అడుగుభాగం తెగిపోతుంది. ఏ అనే వరస ఒక హాల్లో తెర దగ్గర ఉంటే ఇంకో హాల్లో చివర ఉంటుంది, అక్షరం చూసి కాకుండా తెర గీత చూసి ఎంచుకోవాలి. ఆండ్రాయిడ్ మార్గదర్శకాలు తాకే చోటు 48 డీపీ (తెర మీద సైజుకి వాడే కొలత) ఉండాలంటాయి. పెద్ద హాలు మొత్తం తెర మీద పట్టినప్పుడు ఈ గళ్లు అందులో సగం కూడా ఉండవు, పెద్దది చేసుకుని నొక్కితేనే పక్క సీటు పడకుండా ఉంటుంది. ఎండలో ఖాళీ గడికీ అమ్ముడైన గడికీ తేడా తెలియదు.

అర్ధరాత్రి దాటాక వేసే షోల తేదీ కూడా జాగ్రత్తగా చూడాలి. గురువారం రాత్రి ఒంటిగంట ఆట శుక్రవారం కింద ఉంటుంది. కన్వీనియెన్స్ ఫీజు ఆర్డర్‌కి ఒకటి కాదు, టికెట్టుకి ఒకటి, దాని మీద మళ్లీ జీఎస్టీ, అదీ ఆఖరి పేజీలోనే బయటపడుతుంది. విరాళం గడిలో టిక్ ముందే పెట్టి ఉంటే తీసేయండి, అడగకుండా విరాళం కలపడం పైన చెప్పిన సీసీపీఏ మార్గదర్శకాల ప్రకారం తప్పు.

నాలాగా 4 జీబీ ఫోన్ ఉన్నవాళ్లు ఈ జాగ్రత్తలు తీసుకుంటే చాలావరకు గట్టెక్కుతారు. బుకింగ్ మొదలుపెట్టేముందు మిగతా యాప్‌లన్నీ మూసేయండి. సెట్టింగ్స్‌లో టికెట్ యాప్ బ్యాటరీ వాడకాన్ని అన్‌రిస్ట్రిక్టెడ్ చేయండి. పాప్‌కార్న్ పేజీని దాటేయండి. వెనక్కొచ్చాక మొదటి పేజీ కనిపిస్తే మళ్లీ కట్టకుండా, ప్రొఫైల్‌లో ఆర్డర్ల జాబితా పైనుంచి కిందికి లాగి తాజా చేస్తూ పది నిమిషాలు ఆగండి. మొదటి రోజు ఆటలకి అంత ఓపిక పట్టే వీలుండదు, సీట్లు అయిపోతాయి. అలాంటప్పుడు ల్యాప్‌టాప్‌లో వెబ్‌సైట్ తెరిచి, అక్కడ వచ్చే క్యూఆర్ కోడ్‌ని ఫోన్‌తో స్కాన్ చేసి కట్టడమే మేలు. బుకింగ్ ఒక తెర మీద, చెల్లింపు ఇంకో తెర మీద ఉంటాయి కాబట్టి మూతపడే బాధ లేదు.

8 జీబీ ఫోన్ వాడేవాళ్లకి, సినిమా వచ్చిన రెండో వారం మల్టీప్లెక్స్‌లో తీరిగ్గా చూసేవాళ్లకి ఈ యాప్ హాయిగా పనిచేస్తుంది, నిరభ్యంతరంగా వాడొచ్చు. మా ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లలో మాత్రం ఇంకా వేయలేదు. వాళ్లు వెళ్లేది ఇంటికి దగ్గర్లో ఉన్న సింగిల్ స్క్రీన్‌కి, మొదటి వారం దాటాక. అక్కడ కౌంటర్లో ఏసీ బాల్కనీ 177 రూపాయలకి దొరుకుతుంది, ఫీజు ఉండదు, కాగితం టికెట్ అక్కడికక్కడే చేతికిస్తారు.