సున్నం కట్టే బోరుకు డ్రిప్: బత్తాయి తోటలో ఎనిమిది ఎండాకాలాల తర్వాత

మాది నల్గొండ జిల్లా నాంపల్లి మండలం. రెండున్నర ఎకరాల ఎర్ర చెల్క, 270 బత్తాయి చెట్లు, వాటన్నిటికీ ఒకటే బోరు. 2017 చివర్లో సబ్సిడీ మీద డ్రిప్ వేయించాను. కొత్తగా తోట పెట్టేవాళ్లు ఫోన్ చేసి, "ఎట్లుందన్నా, పనిచేస్తదా?" అని అడుగుతుంటారు. చేస్తది అని ఒక్క ముక్కలో చెప్పి ఫోన్ పెట్టేయొచ్చు. కానీ నేను మొదటి రెండేళ్లు పడ్డ తిప్పలు వాళ్లూ పడతారు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

డ్రిప్‌కు ముందు మాది కాలువ పారకమే. చెట్టు చుట్టూ పాది కట్టి, ఒక పాది నిండాక ఇంకో పాదికి మళ్లించేవాళ్లం. 2015, 2016 కరువులో బోరు ఆగి ఆగి పోయడం మొదలుపెట్టింది. పది నిమిషాలు పోసి, బుస్సుమని గాలి వదిలి, మళ్లీ పావుగంటకు పోసేది. ట్యాంకర్లు కొట్టించాం. అయినా అరవై చెట్ల దాకా పోయాయి. మా నాయన నాటిన చెట్లు అవి. పొయ్యిల కట్టెలకు కొట్టించేటప్పుడు ఆయన తోట వైపే రాలేదు. మా చుట్టుపక్కల మర్రిగూడ, చండూరు వైపు చాలా తోటలది అదే కథ. ఆ దెబ్బతోనే డ్రిప్‌కు దరఖాస్తు పెట్టాను. ఎస్సీ, ఎస్టీ రైతులకు నూరు శాతం, బీసీలకు, చిన్న, సన్నకారు రైతులకు తొంభై, మిగతావాళ్లకు ఎనభై శాతం సబ్సిడీ ఉండేది. నాకు తొంభై వచ్చింది. మిగిలిన పది శాతం, కందకం తవ్వకం కూలి, అదనపు పైపులు నా చేతివి.

కంపెనీ మనుషులు రెండు రోజుల్లో బిగించి, ఫోటో దిగి వెళ్లిపోయారు. చెట్టుకు ఒక లేటరల్ (చెట్ల వరుస వెంట పరిచే సన్న పైపు), దానికి చుక్కలుగా నీళ్లు వదిలే రెండు డ్రిప్పర్లు, ఒక్కోటి గంటకు 8 లీటర్లది. బోరు దగ్గర ఒక స్క్రీన్ ఫిల్టర్, ఎరువు నీళ్లను పైపులోకి లాగే వెంచురి. అంతే. మా నీళ్లు ఎలాంటివి అని ఒక్కరు కూడా అడగలేదు. నాకూ అడగాలని తెలియదు.

మొదటి తప్పు 2018 ఎండాకాలంలోనే బయటపడింది. ఇన్నేళ్లు పాది నిండా నీళ్లు తాగిన చెట్టు వేర్లు పాది అంతా పరుచుకుని ఉంటాయి. వాటికి ఒక్కసారిగా రెండు చోట్ల మాత్రమే తడి ఇస్తే చెట్టు తట్టుకోలేదు. మార్చి నెలాఖరుకు ఆకు రాలింది, గోలీలంత కాయ కూడా రాలింది. నేను డ్రిప్‌ను తిట్టుకున్నాను. నిజానికి తప్పు డిజైన్‌ది. తర్వాత చెట్టుకు రెండో వైపు ఇంకో లేటరల్ వేసి, డ్రిప్పర్లు నాలుగు చేశాను. ఇప్పుడు గంటకు 32 లీటర్లు పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో నాలుగు గంటలు నడిపితే చెట్టుకు 128 లీటర్లు. పెద్ద బత్తాయి చెట్టుకు అది చాలుతోంది. పాత తోటకు డ్రిప్ వేసేవాళ్లు నాలుగుకు తక్కువ ఒప్పుకోకండి. చిన్న మొక్కలకైతే రెండుతో మొదలుపెట్టొచ్చు, దానితోపాటే వేరు అలవాటు పడుతుంది.

రెండో ఎండాకాలం అసలు కథ. లైను చివరి చెట్లు వాడిపోతున్నాయి, మొదటి చెట్లు పచ్చగా ఉన్నాయి. లీటరు నీళ్ల బాటిల్ తీసుకుని డ్రిప్పర్ కింద పెట్టాను. 8 లీటర్ల డ్రిప్పరైతే ఏడున్నర నిమిషాల్లో లీటరు నిండాలి. లైను మొదట్లో నిండింది. చివర్లో ఏడున్నర నిమిషాలకు సగం కూడా రాలేదు. ఈ బాటిల్ పరీక్షకు పైసా ఖర్చు లేదు, ఇప్పటికీ నెలకోసారి చేస్తాను. డ్రిప్పర్ విప్పి చూస్తే లోపల తెల్లగా, గరగరలాడే పొర. మా ఇంట్లో అన్నం కుండకు పట్టే సున్నమే అది.

నీళ్లు పరీక్ష చేయించాను. పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం కొలత) 8 దాటింది, ఉప్పు మధ్యస్థం, బైకార్బొనేట్లు బాగా ఎక్కువ. నల్గొండ నీళ్లు అనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తుకొస్తుంది. మాకూ అదే భయం. మా ఇంట్లో పెద్దవాళ్ల పళ్లు, నడుములు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. తాగే నీళ్లలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదంటారు, మా బోరు ఆ గీత ఎప్పుడో దాటింది. కానీ డ్రిప్పర్‌ను మూసేది ఫ్లోరైడ్ కాదు. డ్రిప్పర్ మూతి దగ్గర నీటి చుక్క ఎండినప్పుడు అందులోని బైకార్బొనేట్, కాల్షియం కలిసి సున్నంలా గట్టిపడతాయి. రెండు సమస్యలు ఒకే నేలవి, మందులు వేరు. మా బావమరిది, "పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే నల్గొండ టెక్నిక్ ఉంది కదా, అది డ్రిప్‌కు పెట్టొచ్చు కదా బావా" అన్నాడు. అది తాగే నీళ్లకు చేసే పద్ధతి. గంటకు వేల లీటర్లు పోసే మోటారు దగ్గర పటిక కలుపుతూ కూర్చుంటే, అది అయ్యేసరికి నా తోట ఎండి ఉంటుంది. ఒక్క మాట మాత్రం చెప్పాలి: తోటలో పనికి వచ్చినవాళ్లను డ్రిప్ నీళ్లు తాగనివ్వను. మిషన్ భగీరథ నీళ్లు క్యాన్‌లో తీసుకెళ్తాను. ఫ్లోరైడ్ మరగబెడితే పోదు.

సున్నానికి మందు యాసిడ్. మొదటిసారి చేసేటప్పుడు టెన్షన్ పడ్డాను, ఇప్పుడు అలవాటైంది. ప్లాస్టిక్ బకెట్‌లో ముందు నీళ్లు పోసి, ఆ నీళ్లలో హైడ్రోక్లోరిక్ యాసిడ్ కలపాలి. యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు, చిమ్ముతుంది. చేతికి రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు. ఆ ద్రావణం వెంచురితో లాగిస్తూ, లైను చివరి డ్రిప్పర్ దగ్గర పీహెచ్ కాగితం పెట్టి చూడాలి. నాలుగుకు వచ్చాక మోటారు ఆపేసి, పైపుల్లో నీళ్లు ఒక రోజంతా అలాగే ఉంచాలి. మరుసటి రోజు లేటరళ్ల చివరి మూతలు విప్పి నీళ్లు వదిలితే, పాలలాంటి నీళ్లు బుసబుసమని వస్తాయి. మొదటిసారి అది చూసి నాకు ఎంత ఆనందమో చెప్పలేను. ఎండాకాలానికి ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి చేస్తున్నాను. పాచికి బ్లీచింగ్ పౌడర్ నీళ్లు కూడా వాడతాను, కానీ యాసిడ్‌తో కలిపి ఎప్పుడూ కాదు. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ప్రాణాపాయం. రెండింటి మధ్య నేను వారం గడువు పెట్టుకుంటాను.

దీని పక్కనే నేను చేసిన ఇంకో గొప్ప పని చెప్పాలి. వెంచురి ఉంది కదా అని డీఏపీ నానబెట్టి వదిలాను. యూరియా కరిగినట్టు డీఏపీ కరగదు. పైగా సున్నపు నీళ్లలో భాస్వరం, కాల్షియం కలిసి మరో గట్టి పొర కట్టింది. ఆ ఏడు డ్రిప్పర్లు గంపెడు మార్చాను. ఇప్పుడు యూరియా, తెల్ల పొటాష్, నీళ్లలో పూర్తిగా కరిగే 19:19:19 ఎరువు మాత్రమే పోనిస్తాను. సూపర్ ఫాస్ఫేట్, డీఏపీ పాదిలో మట్టికే. జిప్సం కూడా అంతే, తొలకరికి ముందు పాదుల్లో చల్లుతాను. ఇది సోడా గుణం ఎక్కువున్న నీళ్లతో నేల గట్టిపడకుండా కాపాడుతుంది.

డ్రిప్ తెచ్చే మరో గొడవ ఎవరూ చెప్పరు. కాలువ పారకంలో నీళ్లు ఉప్పును కిందికి కడిగేసేవి. డ్రిప్‌లో తడి ఉన్న గుండ్రటి మేర చివర్లో ఉప్పు పేరుకుంటుంది. వేసవిలో మా పాదుల చుట్టూ తెల్లటి వలయాలు కనబడతాయి. తొలి చిరుజల్లు పడితే ఆ ఉప్పు తిరిగి వేరు దగ్గరికి వస్తుంది. నాకు ఒక ఏడు జూన్‌లో తొలి వాన పడ్డ వారానికే ఆకు కొసలు మాడిపోయాయి. వానకు మాడడం ఏమిటని తలగోక్కున్నాను. ఇప్పుడు తొలి జల్లుల్లో కూడా డ్రిప్ నడుపుతాను. పక్క చేను పెద్దాయన గట్టు మీద నిలబడి, "వానల మోటారేసిన మొనగాడివి నువ్వొక్కడివే రా" అని నవ్వుతాడు. నవ్వనీ. మంచి పదును వాన ఒకటి పడి ఉప్పు దిగిపోయాక ఆపేస్తాను.

చిన్న చికాకులు కొన్ని. ఎండకు నల్ల పైపు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది, నెల తిరిగేసరికి డ్రిప్పర్ చెట్టును వదిలి జరుగుతుంది. చెట్టుకో గూటం కొట్టాలి. ఉడతలు నీళ్ల కోసం పైపు కొరుకుతాయి. గట్టు మీద మట్టి మూకుళ్లలో నీళ్లు పెట్టాక సగానికి సగం తగ్గింది. అడవిపందులకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. ట్రాక్టర్ దున్నేటప్పుడు పైపులు చుట్టి చెట్టు మొదట్లో పెట్టకపోతే రొటావేటర్‌కు చుట్టుకుపోతాయి. నాకు ఒకసారి యాభై మీటర్లు పోయింది.

కరెంటు ఆదా అవుతుందని పాంప్లెట్‌లో రాస్తారు. 2018 జనవరి నుంచి మనకు 24 గంటల ఉచిత కరెంటు, కాబట్టి ఆ లాభం జేబులో కనబడదు. కనబడేది నీళ్లలోనే. అయితే ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. డ్రిప్‌తో బోరు ఖాళీగా ఉంటోందని 2021లో పక్కన ఇరవై గుంటలు (అర ఎకరం) వరి వేశాను. 2020 అక్టోబరు వానలకు బోర్లు నిండి ఉన్నాయి, ధైర్యం వచ్చింది. మూడేళ్లు బాగానే నడిచింది. 2023 ఆగస్టులో చుక్క వాన పడలేదు, దేశంలో 1901 తర్వాత అంత ఎండు ఆగస్టు లేదన్నారు. 2024 ఫిబ్రవరికి బోరు మళ్లీ ఆగి ఆగి పోయడం మొదలుపెట్టింది. వరిని వదిలేసి, పశువులు మేపుకోమన్నాను. చెట్లకు రాత్రి రెండు గంటలు, తెల్లవారుజామున రెండు గంటలు ఇచ్చి నెట్టుకొచ్చాను. పాదుల్లో వరిగడ్డి పరిచాను. కాయ సైజు తగ్గింది, నల్గొండ మార్కెట్‌లో రేటు తెగ్గొట్టారు. కానీ 2016లో జరిగినట్టు కాకుండా, ఈసారి ఒక్క చెట్టూ పోలేదు. డ్రిప్‌కు నేను మార్కులు వేసేది ఆ ఎండాకాలానికే.

ఇప్పుడు లేటరళ్లు ముసలివయ్యాయి, ఎండకు పగుళ్లు పడుతున్నాయి. ఈ వేసవికి ముందు ఒక ఎకరం మార్చాలి. షాపువాళ్లు ఇన్‌లైన్ తీసుకోమంటున్నారు, పైపులోనే డ్రిప్పర్ ఉంటుంది కాబట్టి ఉడత పీకదు, గూటాలూ తక్కువ. కానీ అందులో సున్నం కడితే విప్పి చూసే దారి లేదు. నేను మళ్లీ బయటి బటన్ డ్రిప్పర్లే, అదీ చేత్తో విప్పి కడుక్కునే రకమే తీసుకుంటున్నాను. స్క్రీన్ ఫిల్టర్‌కు ముందు ఒక ఇసుక ఫిల్టర్, దాని ముందు నీళ్లను గిర్రున తిప్పి ఇసుకను వేరుచేసే సైక్లోన్ ఫిల్టర్ కూడా పెట్టిస్తున్నాను, మా బోరు ఈ మధ్య సన్నటి ఇసుక పోస్తోంది. మీది కూడా బైకార్బొనేట్ నీళ్లయితే, కొటేషన్ అడిగే ముందు లీటరు బోరు నీళ్లు పరీక్షకు ఇవ్వండి. ఆ కాగితం చూపించి, "దీనికి ఏ ఫిల్టర్ పెడతారు, యాసిడ్ ఎప్పుడు కొట్టాలి" అని అడగండి. నసిగితే ఇంకో షాపు చూసుకోండి.